ట్యూబు వెనక గీత

ఆ ఎండాకాలం చివర్లో నాకూ దావూద్ బావకూ నిక్కా జరగాలి. ఆగస్టులో, రాయచోటిలో. ఆ సంగతి నాకు కొత్తేమీ కాదు, నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే ఖాయమైపోయింది. ఎంత గట్టిగా ఖాయమైందంటే, దానికోసం నా నోటిదాకా వచ్చిన పాలు కూడా ఆపేశారు.

మా అమ్మ బషీరా బీకి నాకంటే ముందు ఒక కొడుకు పుట్టాడు. ఖలందర్ అని పేరు పెట్టుకున్నారు. ఏడాది నిండేసరికి వాడు తెల్లగా పాలిపోయాడు. కడుపు ఉబ్బింది. నాలుగడుగులు వేయడం నేర్చినవాడు మళ్లీ కూలబడిపోయాడు. మా జేజి, అంటే నాయన తల్లి, కోడలి పాలలోనే దోషం ఉందని తేల్చింది. ఊరికే తేల్చలేదు, పరీక్ష పెట్టి తేల్చింది. అమ్మ పాలు గిన్నెలో పిండించి, అందులో ఒక చీమను వదిలింది. చీమ చచ్చింది. ఆ రోజు నుంచి బిడ్డను తల్లి దగ్గరికి పోనివ్వలేదు. మేకపాలు పట్టారు, తాయెత్తులు కట్టారు, దర్గాలో నిద్ర చేయించారు. కొన్నాళ్లకు ఖలందర్ పోయాడు.

తర్వాత నేను పుట్టాను. అమ్మ తనంతట తానే పాలివ్వకుండా నన్ను పక్కకు జరిపేసిందట. మా మేనమామ సైఫుల్లా భార్య అమీనా బీ అత్త అప్పటికింకా దావూద్‌కు పాలిస్తూనే ఉంది. పాపం, ఏడుస్తున్న నన్ను కూడా ఒళ్లోకి తీసుకోబోయింది. జేజి కేక పెట్టి ఆపింది. ఆమె పాలు ఒక్క గుటక తాగినా నేను దావూద్‌కు చెల్లెలినైపోతాను, ఇక మా మతంలో ఆ నిక్కా చెల్లదు. అలా నేను డబ్బా పాలతో పెరిగాను. మా ఇంట్లో నలుగురు చేరితే ఈ కథ చెప్పుకుని పగలబడి నవ్వేవారు. అమ్మ మాత్రం నవ్వేది కాదు, ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాకు ఊహ తెలిసేసరికి మేం కువైట్‌లో, అబ్బాసియాలో ఉన్నాం. నాయన ఖాజా హుస్సేన్‌ది కింద వీధిలో దర్జీ దుకాణం. అమ్మ రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. నేను బాగా చదువుతానని పేరు పడి, ఫీజు లేని సీటొకటి దొరికి, యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో చేరాను. ఆ ఎండాకాలం సెమిస్టర్‌లో బయోఫిజిక్స్ తీసుకున్నానని చెబితే నాయన కుట్టుమిషన్ ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఫిజిక్సంటే కరెంటు. బయాలజీ అంటే కప్ప. రెండూ కలిపితే ఏందిమ్మే, కప్పకు కరెంటు పెడతారా?"

"అది ఎప్పుడో పెట్టినారు నాయనా. ఈ చదువు మొదలైందే ఆడ," అన్నాను.

ఆయన నమ్మలేదు. ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ తన కూతురు కప్పలకు కరెంటు పెట్టే పెద్ద చదువు చదువుతోందని చెప్పుకుని మురిసిపోయాడు.

నాకు మాత్రం ఆ చదువు పిచ్చి పట్టించింది. జీవం, ప్రాణం అని మనవాళ్లు చేతులెత్తి దండం పెట్టే దాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఇది ఎంత లాగితే సాగుతుంది, ఎంత నొక్కితే పగులుతుంది అని అడిగే చదువు అది. కణం పొరను వంచడానికి ఎంత బలం కావాలో లెక్క కట్టవచ్చని తెలిసిన రోజు నేను బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. పక్క సీటు ఫిలిప్పీన్స్ అమ్మాయి లేచి వేరే సీట్లోకి మారింది.

మాకు పాఠం చెప్పే డాక్టర్ హనాన్ ఈజిప్టు మనిషి. లావుగా, గలగలా మాట్లాడుతూ, ప్రతి సూత్రానికీ ఇంట్లో వస్తువులు మోసుకొచ్చేది. ఒక రోజు సరుకుల దుకాణం ప్లాస్టిక్ సంచులు రెండు తెచ్చింది. ఒకదాన్ని నిండా నీళ్లతో నింపింది, ఇంకోదాన్ని సగమే నింపింది. నిండు సంచిలో ఇంకో గ్లాసు పోయగానే అది తెగి నీళ్లు ముందు వరస పిల్లల ఒళ్లో పడ్డాయి. సగం సంచి మాత్రం పోసిన కొద్దీ పట్టుకుంటూనే ఉంది.

"ఎర్రరక్తకణం కూడా ఒక సంచే. ఉప్పు తక్కువున్న నీళ్లలో వేస్తే లోపలికి నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, ఇక జాగా లేనప్పుడు పగులుతుంది. ఎవరి సంచి ఎంత పట్టుకుంటుందో ఈ రోజు చూద్దాం," అంది.

పరీక్ష చాలా తేలిక. పలుచటి ఉప్పునీళ్లున్న ట్యూబులో మన వేలి నుంచి రక్తం చుక్క వేయాలి. ట్యూబు వెనక నల్లగీత గీసిన కాగితం పెట్టాలి. కాసేపు ఆగాలి. కణాలు పగిలితే నీళ్లు రోజా షర్బతులా తేటగా అయి వెనక గీత కనబడుతుంది. పగలకపోతే మడ్డిగానే ఉంటుంది, గీత కనబడదు. క్లాసులో అందరి గీతలూ కనబడ్డాయి. నా గీత కనబడలేదు. నీళ్లు తప్పు కలిపానేమోనని మళ్లీ కలిపాను, ఇంకో వేలు పొడుచుకున్నాను. మళ్లీ అంతే.

డాక్టర్ హనాన్ వంగి, నా ట్యూబును వెలుతురుకు పట్టి చూసింది. "నీ సంచి పెద్దది, లోపల సరుకు తక్కువ. ఐరన్ తక్కువేమో. ఎక్కడైనా రక్తపరీక్ష చేయించుకో," అంది.

నా చెవికి మొదటి మాటే ఎక్కింది. తక్కిన పిల్లలు నన్ను ఉక్కుమనిషి అన్నారు. అందరి కణాలూ టపటపా పగిలిపోయిన చోట నావి మాత్రం నిలబడ్డాయంటే నాకు గర్వంగానే అనిపించింది. రక్తపరీక్ష మాట అక్కడే మరిచిపోయాను.

ఇంటికొచ్చి చెబితే నాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మన రక్తమంటే ఏమనుకున్నావు మ్మే!" అన్నాడు. డబ్బా పాలతో పెరిగిన పిల్లకు అంత గట్టి రక్తం ఎట్లా వచ్చిందని అమ్మ ఆశ్చర్యపోయింది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడే నాకు దావూద్‌ది కూడా చూడాలనిపించింది. ప్రాజెక్టుకు ఇంకొందరి రక్తం కావాలని డాక్టర్ హనాన్‌ను అడిగి, కలిపిన నీళ్లూ మూడు ట్యూబులూ ఇంటికి తెచ్చుకున్నాను.

దావూద్ కూడా కువైట్‌లోనే, ఊరికి దూరంగా వఫ్రాలో ఒక తోటలో పని చేసేవాడు. ప్లాస్టిక్ కప్పేసిన పందిళ్ల కింద కీరదోస, టమోటా. శుక్రవారం నమాజు వేళకు తోట కూరగాయల బండి పట్టుకుని, ఒక పెట్టెడు కీరదోసకాయలతో మా ఇంటికి వచ్చేవాడు. పొడుగ్గా, నల్లగా, నిదానంగా మాట్లాడే మనిషి. నా చదువు గురించి విసుగు లేకుండా వినే వాడు ఈ ప్రపంచంలో వాడొక్కడే. అర్థమైందా అంటే, "అర్థం కాలేదుగానీ నువ్వు చెప్తాంటే బాగుంది," అనేవాడు. నాకు దావూద్ అంటే ఇష్టం. పెద్దవాళ్లు ఖాయం చేశారని కాదు, నిజంగానే ఇష్టం.

ఆ శుక్రవారం భోజనాలకు ముందే హాల్లో పరీక్ష మొదలుపెట్టాను. నాయనకు చక్కెర జబ్బు కనుక సూదులకు కొదవలేదు. పక్క ఫ్లాట్‌లో ఉండే రాజంపేట వెంకటేశ్వరి అక్కను కూడా పిలిచాను.

"నా రక్తమెందుకమ్మా, నేనేం మీ పెండ్లికూతురినా?" అంది ఆమె.

"పోల్చుకోడానికి ఇంకోరిది ఉండాలక్కా," అన్నాను.

ఆమె టక్కున వేలు చాపింది. పగలంతా ఎరువు బస్తాలు మోసే దావూద్ మాత్రం సూది చూడగానే కళ్లు గట్టిగా మూసుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. అందరం నవ్వాం.

అన్నం తిని చేతులు కడుక్కుని వచ్చి చూశాం. వెంకటేశ్వరి అక్క ట్యూబు తేటపడి, వెనక గీత స్పష్టంగా కనబడుతోంది. నాది మడ్డిగా ఉంది. దావూద్‌దీ మడ్డిగానే ఉంది.

"బావది గూడా పగల్లేదు! నా మాదిరే!" అని అరిచాను.

అమ్మ చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "రెండూ ఒకటేనా?"

"ఒకటేమ్మా, చూడు."

అమ్మ ఆ రెండు ట్యూబులనూ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసినావా వెంకటేశ్వరీ, రక్తం రక్తం ఎట్ల కలిసిందో! అల్లా ఎప్పుడో రాసిపెట్టినాడు."

"అయితే నాది నీళ్ల రక్తమా?" అని వెంకటేశ్వరి అక్క మూతి ముడిచింది.

అమ్మ వెంటనే రాయచోటికి వీడియో కాల్ పెట్టింది. ఫోను తిప్పి సైఫుల్లా మామకు ట్యూబులు చూపించింది. "అన్నా, జత కుదిరిందన్నా. మిషనే చెప్పింది," అంది. ఇందులో మిషనేమీ లేదని నేను చెబుతున్నా వినలేదు. మామ అటునుంచి మీసం మెలేస్తూ, మన వంశం రక్తమంటే ఏమనుకున్నావని నాయన అన్న మాటే మళ్లీ అన్నాడు. అమ్మ సేమ్యా పాయసం పెట్టింది. దుకాణం నుంచి పైకొచ్చిన నాయన సంగతి విని, "నాది గూడా చూడు మ్మే," అని వేలు చాపాడు. ట్యూబులు అయిపోయాయని చెప్పాను.

వెళ్లేటప్పుడు మెట్ల మీద దావూద్ గొంతు తగ్గించి అడిగాడు. "మన బిడ్డలు గూడా ఇట్నే గట్టిగా ఉంటారా?"

"ఇంకా గట్టిగా ఉంటారు," అన్నాను. వాడు సిగ్గుపడి గబగబా దిగి వెళ్లిపోయాడు.

శుక్ర, శని సెలవులు గడిచి ఆదివారం క్లాసు అయ్యాక డాక్టర్ హనాన్ గదికి వెళ్లాను. ప్రాజెక్టులో కలుపుకోవచ్చేమోనని ఫోనులో ఫొటో చూపించాను. ఆమె టీ తాగుతూ, మొదట వెంకటేశ్వరి అక్క ట్యూబు చూసి తల ఊపింది. తర్వాత తక్కిన రెండూ చూసింది.

"ఇది నాది. పక్కది దావూద్‌ది," అన్నాను.

"దావూద్ ఎవరు?"

"నాకు కాబోయే భర్త. మా అమ్మ అన్న కొడుకు. ఆగస్టులో నిక్కా."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్లి గది తలుపు మూసి వచ్చింది.

"నేను చేయించుకోమన్న రక్తపరీక్ష చేయించుకున్నావా?"

"లేదు."

"సమీరా, ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో చిన్నప్పుడే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా? ఏడాది, రెండేళ్ల వయసులో... తెల్లగా పాలిపోయి, కడుపు ఉబ్బి?"

ఖలందర్ గురించి నేను యూనివర్సిటీలో ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. రాయచోటి మట్టిలో ఉన్న మా అన్న, కైరోలో పుట్టి పెరిగిన ఈ మనిషి నోట్లో నుంచి, పాలిపోయిన మొహంతో, ఉబ్బిన కడుపుతో సహా బయటికి వచ్చాడు. తల ఊపాను.

ఆమె చాలా నెమ్మదిగా చెప్పింది. తలసేమియా అని ఒకటుంటుందనీ, ఒక్కరి వైపు నుంచే వస్తే ఏమీ కాదనీ, సంచి కాస్త ఖాళీగా ఉంటుందనీ, అందుకే నావి పగల్లేదనీ. నాలోనూ దావూద్‌లోనూ అదే ఉంటే, ఇద్దరి నుంచీ కలిసి వచ్చిన బిడ్డకు రక్తం సరిగా తయారు కాదు. బతికినంత కాలం నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కించుకుంటూ ఉండాలి. పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం ఉంటుంది. ఐరన్ తక్కువైనా ట్యూబు ఇలాగే కనబడవచ్చు, కనుక ముందు సరైన పరీక్ష చేయించుకోమంది. పెళ్లి చేసుకోకూడదని ఎవరూ అనరనీ, కడుపులో ఉండగానే బిడ్డకు పరీక్ష చేసే వీలుందనీ చెప్పింది. "ఇక్కడివాళ్లకు పెళ్లికి ముందు ఈ పరీక్షలు తప్పవు. మీ ఊళ్లో అడగరా?" అంది.

మేనరికానికి మా ఊళ్లో ఏమీ అడగరు. తెలిసిన రక్తం కదా అంటారు.

బయటికొచ్చాను. బయట ఎండ కాల్చేస్తోంది. బస్సెక్కానుగానీ ఎక్కడ దిగాలో తెలియలేదు, అబ్బాసియా దాటిపోయి ఎక్కడో దిగి, గోడ నీడన కూర్చుండిపోయాను. మెట్ల మీద దావూద్ అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, రెండూ చెవిలో మోగుతున్నాయి. కణం పొర గురించి అంత చదివానే, నా కళ్ల ముందు ఉన్నదాన్ని చూసి చప్పట్లు కొట్టానే అని దిమ్మెరపోయి ఉన్నాను. ఏడుపు కూడా రాలేదు.

ఆ వారమే దావూద్‌ను పిలిపించి, ఇద్దరం ఒక క్లినిక్‌లో రక్తం ఇచ్చాం. ఎందుకని వాడు అడగలేదు, మళ్లీ కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. ట్యూబు చెప్పిందే క్లినిక్ కూడా చెప్పింది, ఇద్దరిలోనూ అది ఉంది. బయట ఆపిన కూరగాయల బండిలో ఏసీ వేసుకుని కూర్చుని నేను సంగతంతా చెప్పాను. వాడు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి ఎదురుగా చూస్తూ విన్నాడు.

"అంటే ఆ పొద్దు మనం పాయసం తాగింది దీనికా?" అన్నాడు చివరికి.

నేను తల ఊపాను.

"కడుపులో ఉండంగనే చూడొచ్చంటివి గదా. చూసినాక, బిడ్డకు ఉండాదని తెలిస్తే?"

"అప్పుడు... తీసేయించుకోవాల బావా. లేకుంటే జన్మంతా రక్తం ఎక్కించాల."

"మళ్లీ రెండోసారి గూడా అట్నే అయితే?"

"కావచ్చు. కాకపోనూ వచ్చు."

"నిన్ను వదులుకునేది నాకు చేతకాదు సమీరా. ఆ తీసేయించే పని గూడా చేతకాదు. నాకేమీ తోచట్లేదు. అత్తకు చెప్పు. అత్త ఒకణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆమె ఎట్లంటే అట్ల," అన్నాడు. బండి కదిలే ముందు వెనక్కి వంగి ఎప్పటిలాగే కీరదోసకాయల పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు ఏడ్చాను.

ఇంటికి వచ్చేసరికి దుమ్ముగాలి లేచింది. ఆకాశం పసుప్పచ్చగా అయిపోయింది. అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది. నాయన దుకాణం తొందరగా మూసేసి ఇంటి మిషన్ మీద నా నిక్కా బట్టలు కుడుతున్నాడు. ఎర్ర గుడ్డ, అంచుకు జరీ. ఆ పని ఇంకెవరి చేతా చేయించనని ముందే చెప్పాడు. నేను తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. మిషన్ ఆగింది. అమ్మ చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఎవురు చెప్పినారు నీకు? ఆ ఈజిప్టామెనా?" అంది అమ్మ. గొంతులో కోపం తప్ప ఇంకేమీ లేదు.

"క్లినిక్‌లో గూడా అదే చెప్పినారమ్మా. ఖలందర్‌కు వచ్చింది గూడా అదే అయ్యుంటాది."

"వాని పేరెత్తొద్దు!" అని అరిచింది. "వాడు పోయింది రక్తం వల్ల కాదు. మా రక్తంలో దోషం లేదు. నా అన్న ఇంట్లో లేదు, మీ నాయన ఇంట్లో లేదు. దోషం నా పాలల్లో ఉన్యాది. అందరూ చూసినారు, చీమ చచ్చింది. నీకు ఆ పాలు పొయ్యలేదు, అందుకే నువ్వు బతికి బాగున్నావు. నీ బిడ్డలకు నా పాలెందుకు పోస్తారు? ఏం కాదు. నిక్కా జరగాల."

నేను బిత్తరపోయాను. ఇన్నేళ్లూ ఈ కథ వస్తే లేచి వంటింట్లోకి పారిపోయిన మనిషి, ఈ రోజు ఆ నిందను తానే రెండు చేతులా పట్టుకుని నా పెళ్లి ఆగకుండా అడ్డం పెట్టి నిలబడింది. ఆ పాపం తనదే అయితే చాలు, నా పెళ్లికి ఏ అడ్డూ ఉండదు. అందుకు ఆమె సిద్ధపడిపోయింది.

"అయితే నీదీ నాయనదీ చూద్దాంమ్మా," అన్నాను. "నీ రక్తంలో లేకుంటే నీ మాటే నిజం. క్లినిక్‌లో ఏం చెప్పినా నేను నోరెత్తకుండా నిక్కా చేసుకుంటా."

"చూడు!" అంది అమ్మ.

ప్రాజెక్టు కోసం తెచ్చుకున్న మూడు ట్యూబులూ కడిగి పెట్టుకున్నాను, కలిపిన నీళ్లూ ఇంకా మిగిలి ఉన్నాయి. నాయన లేచి, రోజూ చక్కెర చూసుకునే అలవాటు కొద్దీ, తన వేలు తానే పొడుచుకున్నాడు. అమ్మ వేలు నేను పొడిచాను. తర్వాత పక్క ఫ్లాట్ తలుపు తట్టి వెంకటేశ్వరి అక్కను తీసుకొచ్చాను. మా మొహాలు చూసి ఆమె మాట్లాడకుండా వేలు చాపింది.

"ఆమెది మళ్లీ ఎందుకు?" అంది అమ్మ చిరాగ్గా.

"పోల్చుకోవాల గదమ్మా. ఒక్కరిదే చూస్తే, తప్పు నీళ్లదో రక్తానిదో ఎట్ల తెలుస్తుంది?"

అమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది.

మూడు ట్యూబులూ స్టూలు మీద నిలబెట్టి, వెనక గీత గీసిన కాగితం పెట్టాను. ఎవరూ కూర్చోలేదు. బయట ఇసుక కిటికీకి కొట్టుకుంటోంది. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడిందిగానీ నాయన నమాజుకు కదల్లేదు. నేను మనసులో వేడుకుంటున్నాను. దేనికోసం వేడుకుంటున్నానో నాకే తెలియలేదు. అమ్మ ట్యూబు తేటపడాలని, నా దావూద్ నాకు దక్కాలని కోరుకోవాలి. కానీ అది తేటపడితే, మా అన్నను అమ్మ పాలే చంపాయన్న మాట నిలబడిపోతుంది.

వెంకటేశ్వరి అక్క గీత ముందుగా కనబడింది. నాయనది కనబడలేదు. అమ్మది కనబడలేదు.

అమ్మ స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు చికిలించి తన ట్యూబును ఎడమ పక్కనుంచీ కుడి పక్కనుంచీ చూసింది. కాగితం కాస్త జరిపి చూసింది. గీత రాలేదు.

"ఇది నా రక్తమేనా?"

"నీదేనమ్మా."

"ఇది మీ నాయనదా?"

"ఊఁ."

ట్యూబు మీద నుంచి కళ్లు తీయకుండా అమ్మ అంది. "ఆ పొద్దు ఇంకోరి పాలల్లో గూడా చీమను ఏసింటే?"

"ఎవురి పాలల్లో ఏసినా చస్తాదమ్మా. చీమ మునిగి చచ్చింది, అంతే."

నాయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఆ చీమను వదిలిన చెయ్యి ఆయన తల్లిది. ఆ రోజుల్లో ఆయన ఇక్కడే, కువైట్‌లోనే ఉన్నాడు. "నాకు ఫోన్లో చెప్పినారు బషీరా. నేను సరే అన్న్యా," అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు.

లేచి వెళ్లి ఫోను తీసుకుంది. స్పీకర్ పెట్టే అలవాటు ఆమెకు. సైఫుల్లా మామ గొంతు హుషారుగా వినబడింది, పందిరి వేసేవాళ్లతో మాట్లాడానని మొదలుపెట్టాడు.

"అన్నా, నిక్కా వద్దు," అంది అమ్మ. "ఖలాస్."

మామకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచాడు. ఊళ్లో తల ఎట్ల ఎత్తుకోవాలన్నాడు, ఆడపిల్లకు చదువెక్కువై ఇదంతా వచ్చిందన్నాడు, అన్న గడప తొక్కొద్దన్నాడు. అమ్మ అంతా విన్నది.

"దావూద్ నా బిడ్డే అన్నా. బంగారమట్లాంటోడు. నేను ఒకణ్ణి పూడ్చినా. నా బిడ్డ చేతా, నీ బిడ్డ చేతా ఆ పని చేయించను," అని ఫోను పెట్టేసింది.

అలా ముగిసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. దావూద్ ఆ శీతాకాలం వఫ్రా వదిలి ఊరికి వెళ్లిపోయాడనీ, బయటి సంబంధం చేసుకున్నాడనీ, పెళ్లికి ముందు ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయించాలని పట్టుబట్టి నవ్వులపాలయ్యాడనీ తర్వాత తెలిసింది. నేనిప్పుడు డాక్టర్ హనాన్ దగ్గరే పైచదువు చదువుతున్నాను. కీరదోసకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే ఇప్పటికీ గొంతు దిగదు.

కానీ ఆ ఎండాకాలమంటే నాకు గుర్తొచ్చేది నా పెళ్లి ఆగడం కాదు. ఫోను పెట్టేశాక జరిగింది. వెంకటేశ్వరి అక్క సడి చేయకుండా వెళ్లిపోయింది. అమ్మ మళ్లీ వచ్చి స్టూలు ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. సూది పొడిచిన వేలి మీద రక్తం ఆరిపోయి ఉంది.

"ఆఖరి దినాల్లో వాడు నా రవిక పట్టుకుని లాగేవాడు సమీరా," అంది. ఖలందర్ గురించి ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. "మేకపాలు ఉమ్మేసేవాడు. నన్ను చూస్తే చేతులు చాపేవాడు. నేను వాని వేళ్లు విడిపించుకొని మీ జేజికి ఇచ్చేసేదాన్ని. నా పాలకు రైకంతా తడిసిపోయేది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు."

"నా పాలల్లో ఏమీ లేదు గదా?"

"ఏమీ లేదమ్మా."

"ఆ పాలు తాగినా తాగకున్నా వాడు పోయేవాడే గదా?"

"అప్పట్లో, ఆడ... పోయేవాడేనమ్మా."

"అయితే వాడు అడిగినప్పుడు ఇచ్చుండొచ్చు గదా?"

అబద్ధం చెబుదామని చూశాను. ఏ అబద్ధమూ దొరకలేదు.

"ఇచ్చుండొచ్చమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. అర్థమైందన్నట్టు రెండుసార్లు ఊపింది. తర్వాత రెండు చేతులూ అడ్డంగా రొమ్ముల మీద పెట్టుకుని, అప్పుడే పాలు చేపుకొచ్చినట్టు గట్టిగా అదుముకుంది.